క్రైస్తవుడైతేనే మంచివాడా? మంచివాడైతే మరి క్రీస్తు ఎందుకు?

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదివేవాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్లుగా ఒక క్రైస్తవ సంఘానికి వెళ్తున్నారు. మీ అమ్మగారు రోజూ దీపం పెట్టుకునే మనిషి, ఊళ్లో ఎవరికి కష్టమొచ్చినా ముందు ఆవిడ గడపే తొక్కుతారు. ఇక్కడ చూస్తే మీ సంఘ పెద్ద ఒకాయన మీలాంటి పదిమంది చేత చీటీ కట్టించుకుని, పాట వచ్చినవాళ్లకి డబ్బు ఇవ్వకుండా, ప్రతి ఆదివారం ముందు వరసలో నిలబడి ప్రార్థన చేస్తున్నాడు. "విశ్వాసం లేని మంచితనం పనికిరాదు అంటున్నారు, మరి మంచితనం లేని విశ్వాసం పనికొస్తుందా? మా అమ్మకి నరకం గురించి చెప్పాలా?" అని అడిగారు.

నేను ఒంగోలు, అద్దంకి వైపు పల్లెల్లో బాప్టిస్టు సంఘాల్లో ముప్పై నాలుగేళ్లు పాస్టరుగా చేసి రిటైరయ్యాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు సూటిగా జవాబు. క్రైస్తవుడు కాకపోయినా మనిషి మంచివాడుగా ఉండగలడు, ఈ మాట బైబిలే ఒప్పుకుంటుంది. క్రైస్తవుడైనంత మాత్రాన ఎవడూ మంచివాడైపోడు, ఇదీ బైబిలే చెబుతుంది. మంచితనం రక్షణకి, అంటే పాపం నుంచి విడుదలకి, కట్టే ధర కాదు అని మా బోధ. కానీ నమ్మినవాడి చేతుల్లోకి, నోట్లోకి, లెక్కల పుస్తకంలోకి ఆ మంచి దిగిరాకపోతే వాడు నమ్మాడని నేను ఒప్పుకోను. మీ సంఘ పెద్ద ఎంతసేపు ప్రార్థన చేశాడన్నది నాకు అక్కర్లేదు. డబ్బు ఇచ్చాడా లేదా?

మొదటి సంగతి, మీ అమ్మగారిలాంటి వాళ్లు. రోమా పత్రిక రెండో అధ్యాయంలో పౌలు రాస్తాడు, మోషే ధర్మశాస్త్రం ఎరగని అన్యజనులు, అంటే యూదులు కానివాళ్లు, స్వభావంగానే ఆ ధర్మం చెప్పిన పనులు చేస్తున్నారు, అది వాళ్ల హృదయాల మీద రాసి ఉంది, వాళ్ల మనస్సాక్షే సాక్ష్యం అని. అపొస్తలుల కార్యాలు పదో అధ్యాయంలో కొర్నేలీ ఉన్నాడు. రోమా సైన్యంలో శతాధిపతి, యూదుడు కాడు, క్రీస్తు పేరు మీద ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. అయినా అతని ప్రార్థనలు, ధర్మకార్యాలు దేవుడి సన్నిధికి చేరాయని దూత వచ్చి చెప్పాడు. ఆ ఇంట్లో నిలబడి పేతురు, దేవుడు పక్షపాతి కాడు, ఏ జనంలోనైనా ఆయనకి భయపడి నీతిగా నడుచుకునేవాణ్ణి ఆయన అంగీకరిస్తాడు అన్నాడు. ఆ వెంటనే పేతురు ఊరుకోలేదు, క్రీస్తు గురించి కూడా చెప్పాడు. ఈ రెండు సంగతులూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. మనవాళ్లు కొందరు మొదటిది వదిలేసి రెండోదే చదువుతారు, కొందరు రెండోది వదిలేసి మొదటిదే చదువుతారు.

ఇది నాకు పుస్తకంలో తెలిసిన సంగతి కాదు. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఆంజనేయస్వామి భక్తుడు, నుదుట సింధూరం లేకుండా నేనెప్పుడూ చూడలేదు. మా పల్లెలో ఒక ముసలమ్మకి కాలికి షుగర్ పుండు పడి పాకి దుర్వాసన వస్తుంటే, మా సంఘస్థులైన ఆవిడ కొడుకులే వసారాలోకి మంచం మార్చి దూరంగా తిరిగేవాళ్లు. ఆయన రెండు నెలలపాటు రోజూ సాయంత్రం సైకిల్ మీద వచ్చేవాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో పాత పంచె గుడ్డ పరుచుకుని, ఆవిడ మడమ తన తొడ మీద పెట్టుకుని, తడి దూదితో పురుగుల్ని ఒక్కొక్కటే తీసేవాడు. తీస్తూ ఆవిడతో కోడలి గురించి కబుర్లు చెప్పించేవాడు, నొప్పి మీద ధ్యాస పోకుండా. నేను ప్రార్థన చేయడానికి వెళ్లి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. మంచి సమరయుడి కథ అప్పటికి నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. ఆ కథలో దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడిని చూసి పక్కగా వెళ్లిపోయిన యాజకుడు ఎవరో ఆ రోజు నాకు అర్థమైంది.

ఆయన చనిపోయినప్పుడు ఆ ముసలమ్మే అడిగింది, "అయ్యగారూ, డాక్టరు బాబు ఎక్కడికి పోయుంటాడు?" అని. నేను ఇలా చెప్పాను, "అమ్మా, తీర్పు తీర్చే కుర్చీ నాది కాదు. అందులో కూర్చున్నవాడు నాకంటే, నీకంటే దయగలవాడు." ఇప్పటికీ నా జవాబు అదే. మత్తయి ఇరవై అయిదులో గొర్రెలు, మేకల తీర్పు చదవండి. కుడివైపు నిలబడ్డవాళ్లు ఆశ్చర్యపోయి, ప్రభువా, నువ్వు ఆకలిగా ఉండగా మేము ఎప్పుడు చూశాం అంటారు. తాము చేసినది ఆయనకి చేశామని వాళ్లకే తెలియదు.

ఇందులో అన్ని సంఘాలదీ ఒకే మాట కాదని మీకు తెలియాలి. కతోలిక సంఘం 1964లో రెండో వాటికన్ సభలో, తమ తప్పు లేకుండా క్రీస్తుని ఎరగక, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెతికేవాళ్లకి కూడా రక్షణ సాధ్యమేనని రాసుకుంది. మన ఊళ్లలో పెంతెకోస్తు, బ్రదరన్ సంఘాల్లో చాలామంది దీన్ని ఒప్పుకోరు. మా బాప్టిస్టుల్లో కూడా నా మాటతో గొడవపడేవాళ్లు ఉన్నారు. వాళ్లు దుర్మార్గులేం కాదు, క్రీస్తు లేకుండానే రక్షణ వస్తే సిలువకి అర్థమేముందన్న భయం వాళ్లది. ఆ భయం నాకూ అర్థమవుతుంది.

రెండో సంగతి పెద్దది. మంచిగా ఉండటం వల్ల రక్షణ రాదు అన్నప్పుడు, మంచిగా ఉండటం ఎందుకు?

ఇక్కడ అందరూ రెండు వచనాలు పట్టుకుని కొట్టుకుంటారు. ఎఫెసీ పత్రికలో పౌలు, కృపచేతనే రక్షింపబడ్డారు, క్రియల వల్ల కాదు, ఎవడూ గొప్పలు చెప్పుకోవడానికి వీల్లేదు అన్నాడు. యాకోబు, క్రియలు లేని విశ్వాసం చచ్చింది అన్నాడు. మార్టిన్ లూథర్‌కి యాకోబు పత్రిక మీద ఎంత అసంతృప్తి అంటే 1522లో తన జర్మన్ కొత్త నిబంధనకి రాసిన ముందుమాటలో దాన్ని గడ్డి పత్రిక అన్నాడు. కానీ అదే లూథర్, అదే పుస్తకంలో రోమా పత్రిక ముందుమాటలో, విశ్వాసం ఊరికే కూర్చునేది కాదు, మంచి పని చేయాలా అని అడగదు, అడిగేలోపే చేసేసి ఉంటుంది అని రాశాడు. ఈ విషయం మీద కతోలికులూ లూథరన్లూ నాలుగు శతాబ్దాలకి పైగా ఒకరినొకరు శపించుకుని, చివరికి 1999 అక్టోబర్ 31న జర్మనీలో ఆగ్స్‌బర్గ్‌లో కూర్చుని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. మనల్ని దేవుడు అంగీకరించేది మన అర్హత వల్ల కాదు, కృప వల్ల. ఆ కృపే మనల్ని మంచి పనులకి సిద్ధం చేస్తుంది. సారాంశం అదే.

నా అనుభవంలో పౌలు, యాకోబు ఇద్దరూ మాట్లాడుతున్నది వేర్వేరు మనుషులతో. తన పుణ్యం లెక్క చూపించి దేవుడి దగ్గర బాకీ వసూలు చేసుకోవాలనుకునేవాడితో పౌలు మాట్లాడుతున్నాడు. గుమ్మంలో బట్టలు లేక, తిండి లేక నిలబడ్డవాడితో "సమాధానంగా వెళ్లు, చలి కాచుకో, కడుపునిండా తిను" అని ఒట్టి మాట చెప్పి పంపేవాడితో యాకోబు మాట్లాడుతున్నాడు. పాస్టరు పని సగం ఇదే, ఎదురుగా కూర్చున్నవాడు ఈ ఇద్దరిలో ఎవడో పోల్చుకోవడం. వ్యసనంతో చితికిపోయి ఏడుస్తున్నవాడికి యాకోబు చదివితే వాడు ఉరేసుకుంటాడు. చీటీ డబ్బు మింగి కూర్చున్నవాడికి పౌలు చదివితే హాయిగా నిద్రపోతాడు.

ఒక సంగతి చెబుతాను. మా సంఘంలో ఒకాయన మిరపకాయలు కొనే వ్యాపారి. కల్లాల దగ్గరికి వెళ్లి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, కాటా పెట్టి కొంటాడు. బాప్తిస్మం తీసుకున్నాక సంఘానికి మైక్ సెట్ ఇచ్చాడు, ఉపవాస ప్రార్థనలకి భోజనాలు పెట్టాడు, సాక్ష్యం చెప్పమంటే గంటసేపు చెప్పేవాడు, నేను తాగుబోతుని, ప్రభువు నన్ను మార్చాడు అని. నిజంగానే తాగుడు మానేశాడు. ఒకరోజు మా సంఘంలోనే ఉన్న ఒక విధవరాలు కాగితం ముక్క తెచ్చింది. ఆవిడ తన టిక్కీలు ముందే రేషన్ షాపు కాటా మీద తూయించుకుని రాసిపెట్టుకుంది. తరుగు కింద తీసేది కాక, ఇతని కాటాలో టిక్కీకి రెండు కిలోల పైన తేడా.

వాళ్లింటికి వెళ్లాను. టీ ఇచ్చారు. కాగితం ముందు పెట్టాను. ఆయన దాన్ని చూసి మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టి, "అయ్యగారూ, భక్తి వేరు, వ్యాపారం వేరు. అందరూ కొట్టేదే. నా పాపాలన్నీ ప్రభువు ఎప్పుడో క్షమించాడు" అన్నాడు. నేను అన్నాను, "ప్రభువు క్షమించి ఉంటాడు. ఆవిడ క్షమించిందా? ఆవిడ మిరపకాయలు ఎక్కడ?"

జనాన్ని దోచుకున్న పన్నుల అధికారి జక్కయ్య కథలో యేసు "ఈ ఇంటికి రక్షణ వచ్చింది" అన్నది ఎప్పుడో చూడండి. చెట్టు దిగినప్పుడు అనలేదు, భోజనం పెట్టినప్పుడూ అనలేదు. నా ఆస్తిలో సగం పేదలకి ఇస్తాను, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తాను అని వాడు లేచి నిలబడి చెప్పాక అన్నాడు. అప్పటినుంచి సాక్ష్యం చెప్పడానికి లేచేవాణ్ణి నేను ముందే పక్కకి పిలిచి అడిగేవాణ్ణి, ఎవరికైనా ఇవ్వాల్సింది ఉందా, ఇచ్చావా అని. దీనివల్ల మా సంఘంలో సాక్ష్యాలు బాగా తగ్గాయి.

ఆ మిరపకాయల వ్యాపారికి ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం, ఆపేశాను. ఆయనకి కోపం వచ్చి పక్క వీధి సంఘానికి వెళ్లాడు, అక్కడ మొదటి వారమే ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఏడాది దాటాక ఒక రాత్రి చిన్న నోటు పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ విధవరాలికి డబ్బు ఇచ్చేశాడు, ఇంకో ఆరేడుగురికి కూడా ఇచ్చాడు. మిగతావాళ్లు ఎవరో, ఎంతో లెక్క తేలలేదు, ఇవ్వనూ లేదు. కొత్త కాటా కొని రైతుల్నే బాట్లు వేసి చూసుకోమనేవాడు. ఇంట్లో భార్య మీద అరవడం మాత్రం నేను ఆ ఊరు వదిలే నాటికీ మానలేదు. మీరు అతన్ని మంచివాడు అంటారా? నేను, మంచివైపు నడవడం మొదలుపెట్టినవాడు అంటాను. మార్పు ఇలా ముక్కలు ముక్కలుగానే వస్తుంది. రాత్రికి రాత్రి మారిపోయామని చెప్పేవాళ్లని నేను కొంచెం ఆగి నమ్ముతాను.

క్షమాపణ ముందు దొరుకుతుంది కాబట్టే తప్పు ఒప్పుకునే ధైర్యం వస్తుంది. విశ్వాసం మంచితనానికి చేసే సాయం నేను చూసినంతలో ప్రధానంగా ఇదే. మంచివాడు అనిపించుకోవడమే ఆస్తిగా ఉన్నవాడు ఆ నోటు పుస్తకం ఎవరి ముందూ తెరవలేడు, తెరిస్తే వాడికి ఏమీ మిగలదు. నేను పాపిని, అయినా నన్ను తోసేయలేదు అని తెలిసినవాడు తెరవగలడు. ధనవంతుడైన అధికారి ఒకడు "సద్బోధకుడా" అని పిలిస్తే యేసు, నన్ను మంచివాడని ఎందుకంటావు, దేవుడొక్కడే తప్ప మంచివాడు ఎవడూ లేడు అన్నాడు. ఆ మాట చదివిన ప్రతిసారీ, మేము మంచివాళ్లం అనే బోర్డు సంఘం గేటుకి తగిలించకూడదని నాకు అనిపిస్తుంది.

మా ఒంగోలు చరిత్రలోనూ ఈ ప్రశ్న ఉంది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చి అడిగితే ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారో, నమ్మి వచ్చారో తనకే తెలియదు కాబట్టి. సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేది ఏమీ లేదు అని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్య మా వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. నాకు దానికంటే ముందు ఆయన కాదన్న నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. అన్నం పెట్టడానికి బాప్తిస్మం షరతు కాలేదు, బాప్తిస్మానికి అన్నం ఎర కాలేదు.

మంచి పనిలో కూడా లోటు ఉంటుంది. 1910లో ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభలో, తర్వాత 1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య లేచి, మీరు పేదలకోసం ఆస్తులు ఇచ్చారు, శరీరాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. బడి కట్టిన దొర, ఆసుపత్రి కట్టిన దొర, పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టలేకపోయాడని ఆ బాధ.

ఆ మాట ఇప్పుడు మనకి తగులుతుంది. ఒంగోలులో మొదట్లో మాదిగలు సంఘంలో చేరుతుంటే, వాళ్లని తీసుకుంటే మేము రాము అని అగ్రవర్ణాలవాళ్లు క్లౌకి కబురు పెట్టారు, ఆయన మాదిగల్నే తీసుకున్నాడు. మా సంఘాలు పుట్టింది అక్కడ. అలాంటి సంఘాల్లో ఇప్పుడు పెళ్లి సంబంధం వస్తే అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో విశ్వాసం పక్కనే కులం రాస్తున్నారు. మాలలకో చర్చి, మాదిగలకో చర్చి, కమ్మ, రెడ్డి విశ్వాసులకి ఇంకో కూటం, సమాధుల దొడ్లు కూడా వేరు. ఇరవై అయిదేళ్లు నా ప్రసంగం విన్న ఒక కుటుంబం, కూతురు పక్క కులం క్రైస్తవ అబ్బాయిని చేసుకుంటానంటే మూడు నెలలు ఆ పిల్లతో మాట్లాడలేదు. నా బోధ ఎక్కడిదాకా దిగిందో అప్పుడు తెలిసింది.

మంచితనం అంటే ఏమిటో మనవాళ్లు ఎలా కొలుస్తారో కూడా చూడండి. బొట్టు తీసేసిందా, నగలు తీసేసిందా, సినిమా మానేశాడా, దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, సంఘానికి ఇస్తున్నాడా. ఎవరైనా తమ మనస్సాక్షి కొద్దీ ఇవి పాటిస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ ఇవన్నీ బయటికి కనిపించేవి, లెక్కపెట్టడానికి సులువు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదో వంతు లెక్కగా ఇచ్చి న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని వదిలేశారని నియమాలు కచ్చితంగా పాటించే యూదుల వర్గమైన పరిసయ్యుల మీద యేసు మండిపడ్డది ఇందుకే. కోడలికి బొట్టు లేదని మురిసిపోయిన అత్తగారు ఆ కోడలికి కడుపునిండా తిండి పెట్టని ఇల్లు నాకు తెలుసు.

ఊరి మీద చెప్పి నా సంగతి దాచడం న్యాయం కాదు. మా నాన్న పోయాక పొలం గట్టు దగ్గర నాకూ మా తమ్ముడికీ మాట వచ్చింది. పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. ఆ పదకొండేళ్లూ నేను రొట్టె విరిచాను, క్షమాపణ మీద ప్రసంగాలు చేశాను. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు వెళ్లి నీ సహోదరుడితో సమాధానపడు అన్న వచనం వచ్చిన ఆదివారాలు దాన్ని ఎలాగో దాటవేసేవాణ్ణి. ఒక శనివారం రాత్రి నా భార్య, "రేపు మీరు బల్ల దగ్గర నిలబడితే నేను గుడికి రాను" అంది. తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లాను. మా తమ్ముడు పశువుల కొట్టం దగ్గర ఉన్నాడు, నన్ను చూసి చేతిలో గడ్డిమోపు కింద పెట్టలేదు, కాసేపటికి మరదలు మజ్జిగ తెచ్చింది. గట్టు వాడికే వదిలేశాను. ఆ రోజు గుడికి అందుకోలేకపోయాను, ఇంకొకరు ఆరాధన జరిపించారు. నా పరిచర్యలో నేను సరిగ్గా చేసిన ఆదివారం అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక మీరు అడిగిన రెండు పనులు.

అమ్మగారికి నరకం గురించి చెప్పకండి. మీరు నమ్ముతున్నది దాచమని కాదు. ఆవిడ అడిగితే, యేసు దగ్గర మీకు ఏం దొరికిందో, మీలో ఏం మారిందో చెప్పండి. చెప్పడానికి ఏమీ లేకపోతే అది ముందు చూసుకోవాలి. కొర్నేలీ ఇంటికి వెళ్లిన పేతురు అతని ధర్మకార్యాల్ని తీసిపారేసి మాట మొదలుపెట్టలేదు. ఆవిడ ఊళ్లో ఎవరికో అన్నం పట్టుకెళ్తుంటే క్యారియర్ మీరు మోయండి.

చీటీ డబ్బు మాత్రం వదలకండి. విశ్వాసి కదా అని ఊరుకోవడం ఆయనకి మీరు చేసే మేలు కాదు. మత్తయి పద్దెనిమిదిలో దారి ఉంది: ముందు ఒంటరిగా వెళ్లి అడగండి, వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులతో వెళ్లండి, అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టండి. మీరు కట్టిన ప్రతి నెల లెక్క, ఫోన్‌లో పంపిన డబ్బు వివరాలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. సంఘంవాళ్లు తప్పకుండా మొదటి కొరింథీ పత్రిక ఆరో అధ్యాయం తీసి, సహోదరుల మధ్య వ్యాజ్యం కోర్టుకి వెళ్లకూడదని చదువుతారు. అప్పుడు అదే అధ్యాయంలో ఎనిమిదో వచనం కూడా చదవమనండి. అన్యాయం చేసేదీ, అపహరించేదీ మీరే, అదీ మీ సహోదరులకే అని పౌలు తిట్టింది అక్కడే. సంఘంలో తేలకపోతే పోలీసు స్టేషన్‌కి వెళ్లడం పాపం కాదు. రిజిస్టర్ చేయని చీటీ నడపడమే 1982 చట్టం ప్రకారం నేరం, ఆ మాట కూడా ఆయనకి నెమ్మదిగా చెప్పండి. ఆదివారం ఆరాధన అయ్యాక గుంపులో వద్దు. పనిరోజు సాయంత్రం ఇంటికి వెళ్లండి, ఆయన భార్యాపిల్లల ముందు కాకుండా బయటికి పిలిచి మాట్లాడండి. ఏం జరిగిందో ఇక్కడే రాయండి, నేను చూస్తాను.